పాత పికప్ పునరుద్ధరణ – నాలుగవ పాఠం: క్యాబ్‌లోని తుప్పు

గత పాఠంలో ముందు ఫెండర్లు, బానెట్, సీటు, సరుకు వేసే చెక్క పలకల బెడ్ విప్పి, బోల్టులను విడివిడి సంచుల్లో వేసి పేర్లు రాసిపెట్టడం వరకు వచ్చాం. ఇప్పుడు ఛాసిస్ మీద ఇంజను, ఖాళీ క్యాబ్ (డ్రైవరు కూర్చునే గది), దాని రెండు తలుపులు మాత్రమే మిగిలి ఉండాలి. తలుపులను మాత్రం విప్పవద్దని అప్పుడు గట్టిగా చెప్పడానికి కారణం ఈ పాఠంలో తెలుస్తుంది. మన నమూనా బండి మొదటి నుంచీ అనుకుంటున్నదే: 1947 నుంచి 1955 తొలి నెలల వరకు తయారైన షెవర్లే 3100, అంటే అరటన్ను పికప్. క్యాబ్ మూలలు, ఫ్లోరు రేకులు వంటివి దీనికి ఇప్పటికీ కొత్తగా తయారై దొరుకుతున్నాయి కనుక ఇంట్లో నేర్చుకునేవారికి ఇంతకంటే అనువైన బండి తక్కువ.

ఇనుము తుప్పు పట్టాలంటే నీరు, ప్రాణవాయువు రెండూ కావాలి. ఆ నీటిలో ఉప్పు కలిస్తే విద్యుత్తు సులువుగా ప్రవహించి ఈ పని చాలా వేగంగా జరుగుతుంది. చలికాలంలో రోడ్ల మీద ఉప్పు చల్లే మిషిగన్, ఒహాయో రాష్ట్రాలలో తిరిగిన బండికీ, అరిజోనా ఎండలో పడి ఉన్న బండికీ తేడా ఇక్కడే వస్తుంది. రెండవదాని రంగు పూర్తిగా వెలిసిపోయి చూడటానికి అధ్వానంగా ఉన్నా, రేకు గట్టిగా ఉంటుంది. ఇంకా బండి కొననివారు దూరమైనా, రవాణా ఖర్చయినా పొడి ప్రాంతపు బండినే వెతుక్కోవడం మంచిది, ఎందుకంటే రంగు ఖర్చు కంటే వెల్డింగ్ ఖర్చు, శ్రమ ఎప్పుడూ ఎక్కువే. కాకినాడ, విశాఖపట్నం వంటి తీర ప్రాంతాలలో పాత మహీంద్రా పికప్‌ను బాగుచేసుకునేవారికి కూడా ఈ పాఠంలోని పద్ధతులన్నీ వర్తిస్తాయి. ఉప్పు గాలి చేసే పని ఉప్పు చల్లిన రోడ్డు చేసేదే.

రంధ్రం కనబడిన చోట వెంటనే గ్రైండర్ పెట్టకండి. ముందుగా ఆ నీరు ఎక్కడి నుంచి వచ్చిందో కనిపెట్టాలి. తుప్పు దాదాపు ఎప్పుడూ రేకు లోపలి వైపు మొదలై బయటికి వస్తుంది. మనకు కనిపించే రంధ్రం దాని చివరి దశ. 3100 క్యాబ్‌లో విండ్‌షీల్డు రబ్బరు ఎండి పగిలినప్పుడు, బానెట్ వెనుక ఉండే గాలి మూత రబ్బరు అరిగినప్పుడు, వాన నీరు లోపలి గోడ వెంట జారి డ్రైవరు కాళ్ల దగ్గరి ఫ్లోరు మీదకు చేరుతుంది. అక్కడ చాప తడిసి నెలల తరబడి ఆరదు. వెనుక వైపు గాజు రబ్బరు గుండా దిగిన నీరు, చక్రాలు ఎగజిమ్మిన బురద కలిసి క్యాబ్ కింది మూలల లోపల పేరుకుంటాయి. ఫ్లోరు మాత్రమే మార్చి పై రబ్బరు మార్చకపోతే కొత్త రేకుకూ అదే గతి పడుతుంది.

పరీక్షకు చిన్న గుండ్రటి తల సుత్తి, పాత స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం చాలు. మంచి రేకును తట్టితే ఖంగుమంటుంది, కుళ్లిన రేకు మొద్దుగా శబ్దం చేస్తుంది. అనుమానం ఉన్న చోట స్క్రూడ్రైవరు మొనతో గట్టిగా నొక్కండి. అది లోపలికి దిగితే అది రేకు కాదు, రంగు పొర మాత్రమే. అయస్కాంతం నీరసంగా అంటుకున్న చోట కింద మందమైన పుట్టీ ఉన్నట్టు లెక్క. క్యాబ్ కింది మూలల్లో ఇది తరచుగా బయటపడుతుంది. రెండు రేకులు కలిసే అతుకుల వద్ద మరింత జాగ్రత్తగా చూడాలి: తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక, వాటి మధ్య చిక్కిన తుప్పు తడిసిన అట్టలా పొరలుపొరలుగా ఉబ్బి, చుక్కలుగా వేసిన స్పాట్ వెల్డ్‌లను సైతం విడదీస్తుంది. మార్చవలసిన భాగాన్ని సుద్దతో గీయండి, గీత మాత్రం కుళ్లిన అంచు మీద కాక గట్టి రేకు మీద పడాలి.

నిప్పురవ్వ పుట్టే పని మొదలుపెట్టే ముందు పెట్రోలు ట్యాంకును బయటికి తీయాలి. 1949 నుంచి ఈ బండ్లలో ట్యాంకు క్యాబ్ లోపల, సీటు వెనుకనే ఉంటుంది. ఖాళీ ట్యాంకు అయినా లోపలి ఆవిరి వల్ల ప్రమాదమే కనుక దాన్ని గరాజు నుంచి దూరంగా పెట్టండి. క్లోరిన్ కలిసిన బ్రేకు క్లీనరుతో తుడిచిన రేకు మీద వెల్డింగ్ ఎప్పుడూ చేయవద్దు: ఆ వేడికి ఫాస్‌జీన్ అనే విషవాయువు పుడుతుంది. పాత రంగులో సీసం ఉండవచ్చు. అందువల్ల దానిని గీకేటప్పుడు, రుద్దేటప్పుడు మామూలు గుడ్డ మాస్కు సరిపోదు, ఫిల్టరు ఉన్న మాస్కు పెట్టుకుని, ఆ దుమ్మును ఇంట్లోకి, పిల్లల దగ్గరికి చేరనివ్వకుండా తడిగుడ్డతో ఎత్తాలి.

బ్యాటరీ ట్రే, బానెట్ కీలు, బంపర్ బ్రాకెట్లు వంటి చిన్న భాగాలకు వైర్ బ్రష్‌తో గంటలు గంటలు కుస్తీ పట్టనవసరం లేదు. విద్యుత్తే ఆ పని చేస్తుంది. ఇరవై లీటర్ల ప్లాస్టిక్ బకెట్టులో నీళ్లు పోసి, అయిదు పెద్ద చెంచాల బట్టల సోడా కలపండి. తుప్పు పట్టిన భాగాన్ని నీటిలో వేలాడదీసి, బ్యాటరీ చార్జరు నెగటివ్ క్లిప్పును దానికి తగిలించాలి. పాజిటివ్ క్లిప్పును బలి ఇవ్వదలచిన పాత ఇనుప ముక్కకు పెట్టి, రెండూ తాకకుండా ఎదురెదురుగా ఉంచాలి. పన్నెండు వోల్టుల వద్ద రెండు మూడు ఆంపియర్లు చాలు. తీగలు తారుమారైతే కరిగిపోయేది మీ బ్రాకెట్టే కనుక స్విచ్ వేసే ముందు మరోసారి చూసుకోండి. బ్యాటరీ తగలనిదే పనిచేయని నేటి స్మార్ట్ చార్జర్ల కంటే పాతకాలపు మామూలు చార్జరు ఇక్కడ నయం.

కాసేపటికి భాగం చుట్టూ సన్నని బుడగలు లేస్తాయి, నీటి మీద నారింజ రంగు నురగ చేరుతుంది. ఆ బుడగలు హైడ్రోజన్ వాయువు, అంటే మండేది. ఆరుబయటగాని తలుపు తెరిచిన చోటగాని చేయండి, దగ్గర నిప్పు పెట్టకండి, నీటిలో చేయి పెట్టే ముందు తప్పనిసరిగా చార్జరు ఆపండి. పాజిటివ్ ముక్కకు ఎదురుగా ఉన్న వైపే ముందు శుభ్రపడుతుంది, మరునాడు భాగాన్ని తిప్పి పెట్టాలి. మెరుస్తుంది కదా అని స్టెయిన్‌లెస్ ముక్కను పాజిటివ్‌కు వాడకండి, దాని నుంచి విషపూరితమైన క్రోమియం నీటిలోకి వస్తుంది. సోడాకు బదులు ఉప్పు వేస్తే క్లోరిన్ పుడుతుంది. జింకు పూత ఉన్నవీ, అల్యూమినియంవీ ఈ బకెట్టులో వేయవద్దు. స్ప్రింగులు, గట్టి ఉక్కు బోల్టులు కూడా వద్దు, హైడ్రోజన్ చొచ్చుకుని ఉక్కును పెళుసుగా మారుస్తుంది. పని పూర్తయ్యాక భాగం నల్లటి మసితో బయటికి వస్తుంది. బ్రష్‌తో కడిగి వెంటనే వేడిగాలితో ఆరబెట్టి అదే రోజు ప్రైమరు కొట్టాలి, ఆలస్యమైతే మళ్లీ పసుపు రంగు తేలుతుంది.

క్యాబ్‌ను బకెట్టులో ముంచలేం కనుక, మందం మిగిలి ఉండి సన్నని గుంటలు పడిన చోట వైర్ బ్రష్‌తో వదులు తుప్పు తీసి ఫాస్ఫారిక్ ఆమ్లం రాయాలి. అది మిగిలిన తుప్పును నల్లని ఇనుప ఫాస్ఫేటుగా మారుస్తుంది. ఆమ్లం జాడ ఉన్న చోట ఎపాక్సీ ప్రైమరు అంటుకోదు కాబట్టి డబ్బా మీద రాసిన ప్రకారం కడిగి ఆరబెట్టాలి.

ఇక రేకు కోయడం. ఫ్లోరు, మూలలు కోసినప్పుడు క్యాబ్ బలం తగ్గి వంకర పోతుంది. ఆ వంకర మీద కొత్త రేకు వెల్డ్ చేస్తే తలుపులు ఇక జన్మలో సరిగా మూతపడవు. అందుకే తలుపులను ఉంచమన్నది. క్యాబ్‌ను ఛాసిస్‌కు బోల్టులతో బిగించి, తలుపులు మూసి, చుట్టూ సందులు సమంగా ఉన్నాయో లేదో చూసి, తలుపు తెరిచే చోటు అడ్డంగా, ఏటవాలుగా అంగుళం చదరపు ఇనుప గొట్టాలను టాక్ వెల్డ్ (తాత్కాలికంగా చిన్న చుక్కలతో అతకడం) చేయండి. తలుపు చోటు మూల నుంచి మూలకు కొలతలు రాసుకోండి. రెండు వైపులా ఒకేసారి కోయవద్దు. ఒక పక్క కోసి, అతికి, చల్లారాకే రెండో పక్క.

అట్టముక్కతో నమూనా కోసి అమర్చి చూసి, పద్దెనిమిది గేజి ఉక్కు రేకు మీద గీసి కత్తిరించండి. మూలలను గుండ్రంగా ఉంచాలి, చదరపు మూల వద్ద వేడి పోగుపడి రేకు ముడుచుకుంటుంది. కొత్త ముక్కను పాతదాని మీద పరిచి అతికితే మధ్యలో మళ్లీ నీరు నిలుస్తుంది కనుక అంచుకు అంచు చేర్చి అతకడమే సరైనది. మిగ్ వెల్డరులో (తీగ తానే ముందుకు వచ్చే వెల్డింగ్ యంత్రం) 0.6 మిల్లీమీటర్ల తీగ, ఆర్గాన్ డెబ్బై అయిదు శాతం, కార్బన్ డయాక్సైడు ఇరవై అయిదు శాతం ఉన్న గ్యాసు ఈ మందానికి సరిపోతాయి. ఒకే గీతగా వెల్డింగ్ లాగితే రేకు అలలు తేలుతుంది. అంగుళానికొక చుక్క చొప్పున, ఇటొకటి అటొకటి పెడుతూ, చేయి పెట్టగలిగినంత చల్లారాక మధ్య ఖాళీలు నింపాలి. చల్లారేటప్పుడు వెల్డు ముడుచుకుంటుంది. దాన్ని కింద డాలీ (చేత పట్టే ఇనుప దిమ్మ) ఆనించి సుత్తితో మెల్లగా తట్టి సాగదీస్తే రేకు తిరిగి చదునవుతుంది. చదును చేయలేని వంపును పుట్టీతో కప్పవచ్చు గాని, పలుచటి పొర వరకే.

గ్రైండింగ్ తరువాత లోపలా బయటా ఎపాక్సీ ప్రైమరు, అతుకుల మీద సందులు పూడ్చే సీమ్ సీలరు, మూసుకుపోయే ఖాళీల లోపలికి మైనం స్ప్రే, ఈ వరుస తప్పకూడదు. కింది మూలల్లో మొదట ఉన్న నీటి రంధ్రాలను సీలరుతో మూసివేయకుండా చూసుకోండి, మైనం కొట్టాక వాటిలో సన్నని తీగ దూర్చి తెరవండి.

వచ్చే పాఠం బ్రేకులు. 1950 వరకు వచ్చిన అరటన్ను బండ్లకు హక్ రకం బ్రేకులు, 1951 నుంచి బెండిక్స్ రకం వచ్చాయి (ఇవి తయారీదారుల పేర్లు). విడిభాగాలు వాటి ప్రకారమే కొనాలి. డెబ్బై ఏళ్లలో ఎవరో యాక్సిల్ మార్చి ఉండవచ్చు కనుక, కాగితాలలోని సంవత్సరాన్ని నమ్మక ముందొకటి వెనుకొకటి డ్రమ్ము విప్పి, లోపలి భాగాల ఫోటోలు తీసి ఉంచండి.