ఇంటి నుంచే భూగర్భ జలశాస్త్రం – 4: మూడు బావులతో నీటి దారి

పోయిన పాఠంలో డార్సీ సూత్రం (నేలలో నీటి ప్రవాహాన్ని లెక్కగట్టేది) అయింది. ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీల ఆన్‌లైన్ పాఠాలు) వీడియోలు చూస్తున్నా, ఎంఐటీ ఓపెన్‌కోర్స్‌వేర్‌లో ఉచితంగా దొరికే 1.72 (భూగర్భ జలశాస్త్రం) కోర్సు చదువుతున్నా, ఆ సూత్రాన్ని వాడాలంటే ముందు 'హెడ్', అంటే ఒకే ఆధారం నుంచి లెక్కగట్టిన నీటిమట్టపు ఎత్తు, తెలియాలి. దాన్ని ఈసారి పొలంలోనే కొలుద్దాం.

ఒకే వరసలో లేని మూడు వ్యవసాయ బావులు ఎంచుకోండి. బోర్లను వీటితో కలపొద్దు. లోతు పగుళ్లలోని నీటి ఒత్తిడి వేరు, పై పొరలోని నీటిమట్టం వేరు. మోటార్లు రాత్రంతా ఆపించి, మూడింటినీ ఒకే ఉదయం కొలవండి. పక్క పొలంలో మోటారు నడుస్తున్నా మట్టం కిందికి లాగుతుంది, లెక్క చెడుతుంది.

గట్టు మీద పెయింటుతో గుర్తు పెట్టి, ఎప్పుడూ అక్కడి నుంచే కొలవాలి. స్టీలు టేపు కింది రెండు మీటర్లకు సుద్ద రాసి దించండి. 8.00 మీటర్ల గీతను గుర్తు దగ్గర ఆపి, పైకి తీయండి. సుద్ద 1.80 దాకా తడిస్తే నీటి లోతు 6.20. రెండోసారి దించినప్పుడు సెంటీమీటరుకు మించి తేడా వస్తే మళ్లీ కొలవాల్సిందే.

ఇక గుర్తుల ఎత్తులు. ఎక్కువమంది తప్పేది ఇక్కడే. ఫోన్ జీపీఎస్ చూపే ఎత్తులో మీటర్ల తప్పు ఉంటుంది, మనకు కావలసిన తేడాయే రెండు మూడు మీటర్లు. మేస్త్రీల లెవల్ పైపుతో అంచెలంచెలుగా కొలుచుకుంటూ వెళ్లి, తిరిగి మొదటి గుర్తుకే రండి. మొదటి ఎత్తు మళ్లీ రాకపోతే పైపులో గాలి బుడగ ఉందేమో చూడండి.

పై బావి గుర్తును 100.00 అనుకుందాం. లోతు 6.20 తీసేస్తే హెడ్ 93.80. నడిమి బావి 98.60 – 6.00 = 92.60. కింది బావి 97.10 – 6.30 = 90.80. పై, కింది బావుల మధ్య 300 మీటర్ల దూరంలో హెడ్ 3 మీటర్లు పడింది. అంటే ఆ రెండు బావులను కలిపే గీత మీద 92.60 అనేది పై బావికి 120 మీటర్ల దూరంలో వస్తుంది. ఆ చోటును నడిమి బావితో కలపండి, అది సమమట్టపు గీత (హెడ్ అంతటా ఒకటే ఉండే గీత). దానికి లంబంగా, హెడ్ తగ్గే వైపుకు నీరు కదులుతుంది.

పై బావి నుంచి ఆ సమమట్టపు గీతకు లంబదూరం 100 మీటర్లు ఉంటే, వాలు 1.20/100 = 0.012. వాహకత (నేల నీటిని ఎంత తేలిగ్గా పోనిస్తుందో చెప్పే అంకె) రోజుకు 1 మీటరు అనుకుని వాలుతో గుణిస్తే డార్సీ వేగం రోజుకు 0.012 మీ. నీరు నిజంగా కదిలే వేగం ఇది కాదు. నీరు సాగే ఖాళీలు 3 శాతమే అనుకుంటే 0.03తో భాగించాలి, రోజుకు 0.4 మీటర్లు వస్తుంది. ఈ భాగహారం మరిస్తే, మురుగు బావిని చేరే కాలం 33 రెట్లు ఎక్కువగా కనిపించి, లేని భరోసా ఇస్తుంది.

వచ్చే పాఠంలో పంపింగ్ టెస్టు. ఈలోగా ఇవే బావులను వానలకు ముందొకసారి, తర్వాతొకసారి కొలిచి, తేదీతో రాసి పెట్టుకోండి.