దేవుడు మిమ్మల్ని ఎందుకు పుట్టించాడో తెలుసుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి

ఒడిశాలోని రాయగడలో మా తెలుగు క్రైస్తవ సంఘానికి వచ్చే పిల్లలు చదువు పూర్తవగానే నన్ను పట్టుకుని అడిగే ప్రశ్న ఒకటుంది. "సిస్టరమ్మా, నా పట్ల దేవుని చిత్తం ఏమిటో ఎలా తెలుస్తుంది?" నర్సుగా పదవీ విరమణ చేసినా ఆ పిలుపు నాకు అలాగే ఉండిపోయింది. కొందరు ఉపవాసముండి స్వరం కోసం ఎదురుచూస్తారు. కొందరు కూడికలకు వచ్చిన ప్రసంగీకుల ముందు తలవంచి, తమ భవిష్యత్తు చెప్పమంటారు. నేను వాళ్లకు చెప్పేది ఒక్కటే. ముందు ఒక చిన్న పని పట్టుకోండి, అదీ ఇంకొకరి చెప్పుచేతల్లో ఉండి చేయండి. పిలుపు ఆ పనిలో ఉండగానే వస్తుంది.

నమ్మకం కుదరకపోతే అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం నుంచి 13 దాకా ఆగకుండా చదవండి. దమస్కు దారిలో అంత వెలుగు చూసిన సౌలు (తరువాత పౌలు అని పేరొందినవాడు) కూడా వెంటనే పెద్ద పేరుతో దేశాలు తిరగలేదు. బర్నబా అనే విశ్వాసి వెళ్లి అతన్ని వెతికి అంతియొకయ పట్టణానికి తీసుకొచ్చాడు. అక్కడ ఇద్దరూ కలిసి ఒక సంవత్సరం సంఘానికి బోధించారు. కరువు వచ్చినప్పుడు యూదయలోని సహోదరుల కోసం సంఘం పోగుచేసిన సహాయాన్ని వీళ్లిద్దరే తీసుకెళ్లి అప్పగించారు. ఆ తరువాతే, సంఘంలోని ప్రవక్తలు, బోధకులు ఉపవాసముండి ఆరాధిస్తున్నప్పుడు, వాళ్లిద్దరినీ ప్రత్యేకించమని పరిశుద్ధాత్మ చెప్పాడు. మన పిల్లలు పదమూడో అధ్యాయాన్ని కోరుకుంటారు, పదకొండో అధ్యాయాన్ని దాటవేస్తారు.

ఒక నెలపాటు ఉదయాన్నే ఫిలిప్పీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో, క్రీస్తు తన్ను తాను తగ్గించుకున్న సంగతి చెప్పే మొదటి పదకొండు వచనాలు చదవండి. రోజూ అవే. కొత్త వాక్యం కోసం పేజీలు తిప్పకండి. చదివాక చేసే ప్రార్థన కూడా మార్చుకోండి. "ప్రభువా, నన్ను ఏం చేయబోతున్నావు?" అనే ప్రార్థన చుట్టూ తిరిగి మన దగ్గరికే వస్తుంది. "ఈ రోజు నా ఎదుటికి ఎవరిని పంపుతున్నావు?" అని అడగండి. మనసులో మెదిలిన పేరు ఒక నోటు పుస్తకంలో రాసి, రాత్రి పడుకునే ముందు ఆ మనిషికి మీవల్ల ఏ భారమైనా తగ్గిందా అని చూసుకోండి. అంతకంటే పెద్ద సాధన మొదట్లో అక్కరలేదు.

ఇక పని ఎంచుకోవడం. మన జిల్లాల్లో ఇది కష్టం కాదు. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరు రాష్ట్రమైనప్పుడు మన పెద్దల ఊళ్లు సరిహద్దుకు ఇటువైపు ఉండిపోయాయి. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు, సంతలో కొండ దిగి వచ్చేవాళ్లతో కువి. గుణుపురం వైపైతే సవర. ఎటూ కాకుండా పోయామని బాధపడే పిల్లలను ఎందరినో చూశాను. నేను మాత్రం ఆ భాషలు దేవుడు మన చేతిలో పెట్టిన పనిముట్లని గట్టిగా నమ్ముతాను.

ప్రభుత్వ ఆసుపత్రి ఓపీ దగ్గర ఒక ఉదయం నిలబడి చూడండి. కొండ ఊరి నుంచి వచ్చిన ముసలమ్మ చీర కొంగు ముడిలో మడతపెట్టిన చీటీతో నిలబడి ఉంటుంది. డాక్టరు ఒడియాలో రెండు మాటలు అడుగుతాడు. ఆమె తల ఊపుతుంది, అర్థమై కాదు, భయపడి. మందుల కిటికీ దగ్గర రెండు రకాల బిళ్లలు ఒకే కవరులో వేసి ఇస్తే, ఏది పొద్దున వేసుకోవాలో ఏది రాత్రి వేసుకోవాలో ఆమెకు తెలియదు. విశాఖపట్నం కేజీహెచ్‌కు వెళ్లమని రాసిస్తే ఇంకా కష్టం. అక్కడ అంతా తెలుగు.

మీరు చేయాల్సింది ఆమె పక్కన నిలబడటం. ముందు కాదు, పక్కన. "అవ్వా, నేను చెప్పనా?" అని అడిగి, ఒప్పుకున్నాకే మాట్లాడండి. ఆమె చెప్పింది చెప్పినట్టు డాక్టరుకు చెప్పండి, మీకు తోచింది కలపకండి. బిళ్లలను రెండు కాగితాల్లో వేరుగా కట్టి, ఒకదానిపై సూర్యుడి బొమ్మ, ఇంకొకదానిపై చంద్రుడి బొమ్మ గీయండి. ఎప్పుడు వేసుకోవాలో తిరిగి ఆమె చేతనే చెప్పించుకోండి. ఆసుపత్రి సిబ్బందిని ముందే కలిసి, వాళ్లు ఎక్కడ నిలబడమంటే అక్కడే నిలబడండి. ఇంకొక మాట, ఇది నాకు చాలా ముఖ్యం. సహాయాన్ని సువార్తకు ఎరగా వాడకండి. నొప్పితో ఉన్న మనిషి చేతిలో కరపత్రం పెట్టడం ప్రేమ కాదు. ఎందుకు చేస్తున్నావని ఆమే అడిగితే, అప్పుడు నిజం చెప్పండి.

మన జిల్లాలోనే బిస్సంకటక్‌లో 1954లో డాక్టర్ ఎలిజబెత్ మాడ్సెన్ అనే డెన్మార్క్ వైద్యురాలు క్రైస్తవ ఆసుపత్రి మొదలుపెట్టారు. ఆ సంగతి వినగానే పిల్లలకు తామూ ఆసుపత్రి కట్టాలనిపిస్తుంది. మంచిదే. కానీ ఏ ఆసుపత్రిలోనైనా దుప్పట్లు ఉతికేవాళ్లు, రాత్రి మూడింటికి రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టేవాళ్లు లేకపోతే డాక్టరు నైపుణ్యం సగం వృథా. ఆ పనుల్లో ఏదైనా మీకు తక్కువగా కనిపిస్తే, మొదట అదే చేయండి.

దీనత్వం అంటే "నేనెందుకూ పనికిరాను" అని పదిమందిలో అనడం కాదు. అలా అనేవాళ్లు చాలాసార్లు "అయ్యో, కాదు" అనిపించుకోవడానికే అంటారు. యోహాను సువార్త 13వ అధ్యాయం మూడో వచనం దగ్గర ఆగండి. తండ్రి సమస్తమూ తన చేతికి అప్పగించాడని, తాను దేవుని దగ్గర నుంచి వచ్చి దేవుని దగ్గరికే వెళ్తున్నానని యేసుకు తెలుసు. ఆ తెలివితోనే లేచి, తువాలు నడుముకు కట్టుకున్నాడు. తానెవరో తెలిసినవాడు కాబట్టే ఇంకొకరి పాదాలు పట్టుకోవడానికి వెనుకాడలేదు. మీరు దేవుని బిడ్డలని ముందు నమ్మండి. అప్పుడు సంఘమంతా కలిసి తినే ప్రేమవిందు తరువాత పళ్లేలు కడగడానికి సిగ్గు వేయదు. ఏ కులం వాళ్లు, ఎవరి కోడళ్లు కడుగుతున్నారో గమనించి, ఉద్యోగం వచ్చినవాళ్లు, మగపిల్లలు కూడా వెళ్లి పక్కన కూర్చోండి.

దీనత్వం మౌనం కూడా కాదు. సంఖ్యాకాండంలో భూమి మీద అందరికంటే సాత్వికుడని చెప్పిన మోషేయే ఫరో ముందు నిలబడి మాట్లాడాడు. కిటికీ దగ్గర ఎవరైనా ఆ ముసలమ్మను చీటీకి డబ్బు అడిగితే మెల్లగా, గట్టిగా అడ్డుచెప్పండి.

చేసిన పని ఫోటో తీసి సంఘం వాట్సాప్‌లో పెట్టకండి. పేరు ఇంకొకరికి వెళ్లిన రోజు మనసు ఎలా ఉందో చూసుకోండి. ఆ మంటను దాచకుండా ప్రార్థనలో చెప్పండి.

కొన్ని నెలలు గడిచాక మిమ్మల్ని దగ్గరగా చూసినవాళ్లను అడగండి. సంఘ పెద్దను ఒకరిని, సంఘానికి రాని పొరుగువారిని ఒకరిని. "నావల్ల మీకు ఏ పని తేలికైంది?" ఇద్దరూ ఒకే మాట చెబితే అక్కడ ఆగి ప్రార్థించండి. ఏ చదువు చదవాలి, ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టాలి అనే నిర్ణయాలకు ఆ మాట నిజంగా పనికొస్తుంది.

ఒక హెచ్చరిక, నర్సుగా. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా ఆశ లేకపోయినా, చచ్చిపోవాలనిపించినా దాన్ని విశ్వాసం తక్కువై వచ్చిందనుకోకండి. ప్రార్థన ఆపనక్కరలేదు, కానీ డాక్టరును కలవండి. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ టెలి మానస్‌లో ఉచితంగా మాట్లాడతారు.

భువనేశ్వర్‌కో విశాఖకో ఉద్యోగానికి వెళ్లే రోజు వస్తే, పనిని మధ్యలో వదలకండి. తరువాత చేయబోయే తమ్ముణ్ణో చెల్లినో వెంటబెట్టుకుని తిప్పండి. ఏ వార్డు ఎటు, ఏ రోజు రద్దీ ఎక్కువ, కొండ ఊళ్లకు ఆఖరి బస్సు ఎన్ని గంటలకు, అన్నీ చూపించండి. చివరి రోజు వాళ్లనే మాట్లాడనిచ్చి, మీరు వెనక నిలబడండి.