మోటారు సైకిలుకు ట్రైలర్ ఎంచుకోవడం: ముందు బరువు, తరువాత హుక్కు, చివరికి పెట్టె

పలాస వైపు జీడితోట నుంచి బస్తాలు తెచ్చుకోవాలనుకునే రైతైనా, పొందూరు ఖద్దరు మూటలను సంతలకు తీసుకువెళ్ళే వ్యాపారైనా, సెలవు రోజున బారువ తీరంలో గుడారం వేసుకోవాలని ముచ్చటపడే కుర్రవాడైనా, మోటారు సైకిలు వెనుక ట్రైలర్ కట్టాలన్న ఆలోచన రాగానే మొదట అడిగే ప్రశ్న ఒక్కటే: పెట్టె ఎంత పెద్దది చేయించుకోవచ్చు? ఆ ప్రశ్నను చివరికి నెట్టాలి. మీ బండి ఎంత బరువును లాగగలదన్నది కూడా అంత ముఖ్యం కాదు, ఎందుకంటే మొదటి గేరులో ఏ బండైనా చాలా బరువునే లాగుతుంది. ఎంత బరువును ఆపగలదన్నదే అసలు లెక్క.

ఈ లెక్కకు ఒక కొలబద్ద బ్రిటన్ చట్టంలో ఉంది. అక్కడ 125 సీసీకి మించిన ఇంజను ఉన్న మోటారు సైకిలుకే ట్రైలర్ తగిలించనిస్తారు. సరుకుతో కలిపి ట్రైలర్ బరువు 150 కిలోలను గాని, బండి బరువులో మూడింట రెండు వంతులను గాని, వీటిలో ఏది తక్కువైతే దానిని దాటకూడదు. వెడల్పు ఒక మీటరుకు మించకూడదు. ఆ చట్టం మనకు వర్తించదు కాని, దాని వెనుక ఉన్న లెక్క ఏ దేశపు రోడ్డు మీదనైనా ఒక్కటే. 195 కిలోల బుల్లెట్ 350కి ఈ కొలత ప్రకారం 130 కిలోలు వస్తాయి. 112 కిలోల స్ప్లెండర్‌కు 75 కిలోల దగ్గర తేలుతుంది గాని, దాని ఇంజను 97 సీసీయే కనుక ఆ కొలత ప్రకారం దానికి ట్రైలర్ అర్హతే లేదు. మన ఊళ్ళలో ఎక్కువమంది నడిపేవి ఆ తరగతి బండ్లే. వారికి నేను ట్రైలర్ సలహా ఇవ్వను.

ఆపడం సంగతి అంకెల్లో చూద్దాం. 195 కిలోల బండి మీద 75 కిలోల మనిషి కూర్చుంటే మొత్తం 270 కిలోలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో మంచి రోడ్డు మీద గట్టిగా బ్రేకు వేస్తే ఈ బరువు సుమారు 24 మీటర్లలో ఆగుతుందనుకోండి. దీనికి బ్రేకులు లేని 110 కిలోల ట్రైలర్‌ను తగిలిస్తే ఆపవలసిన బరువు 380 కిలోలవుతుంది, ఆపే టైర్లు మాత్రం ఆ రెండే కనుక దూరం 34 మీటర్ల దాకా సాగుతుంది. నరసన్నపేట దాటాక జాతీయ రహదారి మీదికి పక్క ఊరి నుంచి గేదె అడ్డం వచ్చినప్పుడు ఆ పది మీటర్ల తేడా ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. అందుచేత ట్రైలర్ ఉన్నప్పుడు 60 దాటకూడదన్న నియమాన్ని కొనేముందే మనసులో పెట్టుకోవాలి. అది మీకు చాలదనిపిస్తే ట్రైలర్ మీకు తగిన వస్తువు కాదు.

డబ్బు చేతులు మారకముందే తేల్చుకోవలసినది చట్టం సంగతి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ట్రైలర్‌ను కూడా మోటారు వాహనంగానే లెక్కిస్తుంది. ట్రాక్టరు తొట్టికి విడిగా నంబరు ఉండేది అందుకే. లాగే బండి నంబరు ట్రైలర్ వెనుక కనిపించాలని కూడా అదే చట్టం చెబుతుంది. దీనికి తోడు, తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని 52వ సెక్షను అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే గట్టిగా నిలబెట్టింది. కనుక వెల్డింగు షాపుకు వెళ్ళేముందు శ్రీకాకుళంలోనో విజయనగరంలోనో రవాణా శాఖ కార్యాలయంలో మీ బండి మోడలు, చేయించదలచిన ట్రైలర్ కొలతలు రాసిన అర్జీ ఇచ్చి, జవాబు కాగితం మీదనే తీసుకోవాలి. కౌంటరు దగ్గర ఎవరో నోటితో అన్న మాట రేపు చెక్‌పోస్టులో గాని, ప్రమాదం తరువాత బీమా క్లెయిములో గాని నిలబడదు. బీమా కంపెనీకి కూడా ఇదే అర్జీ నకలు పంపాలి. బండితో వచ్చిన చిన్న పుస్తకంలో ట్రైలర్ లాగరాదన్న హెచ్చరిక ఉందేమో చూడాలి. ఉంటే ఆ బండిని పక్కన పెట్టవలసిందే. అనుమతి రాని పక్షంలో ట్రైలర్ మీ తోటలో, చెరువుగట్టు మీద, సొంత స్థలంలో మాత్రమే తిరగాలి.

ఇంటి సామాను, మందుల పెట్టెలు, కొద్దిపాటి సరుకు మోయడమే పనైతే మరో దారి ఉంది. 550 మిలీమీటర్ల పొడవు, 510 వెడల్పు, 500 ఎత్తు మించని తేలికపాటి పెట్టెను మోటారు సైకిలు మీదనే బిగించుకోవడానికి 2020 నాటి కేంద్ర నిబంధనలు వీలు కల్పించాయి. పెట్టెను వెనుక మనిషి కూర్చునే చోట బిగిస్తే రెండో మనిషి ఎక్కకూడదు. ట్రైలర్ కావాలని నన్నడిగినవారిలో సగానికి పైగా ఈ పెట్టెతోనే సరిపెట్టుకున్నారు.

ట్రైలరే కావాలని నిశ్చయించుకున్నవారు ముందుగా ఖాళీ బరువును తగ్గించే మార్గం వెతకాలి, ఎందుకంటే 130 కిలోల పరిమితిలో ఇనుము ఎంత తింటే సరుకుకు అంత తక్కువ మిగులుతుంది. నాలుగడుగుల పొడవు, రెండున్నర అడుగులకు కొంచెం పైగా వెడల్పు, అడుగుంపావు ఎత్తు ఉన్న పెట్టెకు రెండు మిలీమీటర్ల ఇనుప రేకు వాడితే మూత లేకుండానే రేకు ఒక్కటే 40 కిలోలు తూగుతుంది. 1.2 మిలీమీటర్ల రేకుతో అది 24 కిలోలకు దిగుతుంది, రెండు మిలీమీటర్ల అల్యూమినియంతో 14 దగ్గర ఆగుతుంది. లారీల ఊరుగా పేరుపడి, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లాలో ఉన్న సాలూరులో బాడీలు కట్టే పనివారి చేతులకు నైపుణ్యం తక్కువ లేదు కాని, వారి లెక్కలన్నీ టన్నుల్లో ఉంటాయి. గట్టిదనం కోసం మందం పెంచుకుంటూ పోతారు. కొలతలతో పాటు, ఖాళీగా ఇన్ని కిలోలు దాటకూడదని కాగితం మీద రాసి ఇవ్వాలి. తయారైన తరువాత తూకం వేయించి మరీ తీసుకోవాలి.

సరుకు ఎలా సర్దాలన్నది మన పెద్దలకు ఎవరూ నేర్పనక్కరలేదు. నాటుబండిలో వెనుక బరువెక్కువైతే కాడి పైకి లేచి పలుపు ఎద్దు గొంతు పట్టేస్తుంది. ముందు బరువెక్కువైతే మెడ అరిగిపోతుంది. మోటారు సైకిలు ట్రైలర్‌కు కూడా ఇరుసుకు కాస్త ముందుకు బరువు ఉండాలి. హుక్కు మీద పడే బరువు మొత్తంలో పదో వంతు దగ్గర ఉంటే బండి నిలకడగా నడుస్తుంది. వెనుక బరువైతే వేగం పెరిగేకొద్దీ ట్రైలర్ పాము తోకలా అటూఇటూ ఊగడం మొదలుపెడుతుంది, ఆ ఊపులో గట్టిగా బ్రేకు వేస్తే మరింత చెడుతుంది. యాక్సిలరేటరును మెల్లగా వదలడమే చేయగలిగినది. అలాగని ముందుకు బరువు పోసేయకూడదు. హుక్కు వెనుక చక్రపు ఇరుసుకు 60 సెంటీమీటర్లు వెనుకగా ఉండి, రెండు ఇరుసుల మధ్య దూరం 139 సెంటీమీటర్లున్న బండిలో, హుక్కు మీద 15 కిలోలు పడితే ముందు చక్రం మీద నుంచి ఆరున్నర కిలోలు లేచిపోతాయి. హ్యాండిలు తేలికగా అనిపించేది, మలుపుల్లో ముందు టైరు పట్టు తప్పేది అందుకే. ఇంట్లో మనుషుల బరువు చూసుకునే చిన్న తూకపు యంత్రాన్ని హుక్కు ఎత్తులో పెట్టి, సరుకు నింపిన ట్రైలర్ ముందుకొనను దాని మీద ఆనిస్తే ఈ అంకె రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది.

హుక్కు దగ్గర మాత్రం ఒక్క రూపాయి కూడా మిగుల్చుకోకూడదు. కారు నిటారుగానే ఉంటుంది, మోటారు సైకిలు మలుపులో వాలుతుంది. కనుక కారుకు సరిపోయే గుండ్రటి బంతి హుక్కు మాత్రమే ఉంటే, బండి వాలినప్పుడు ఒక కోణం దాటాక కప్లింగు పట్టేసి, బండి చక్రాన్ని నేల మీద నుంచి ఎత్తడానికి చూస్తుంది. ట్రైలర్‌ను హుక్కుకు కలిపే కర్ర తన చుట్టూ తాను పూర్తిగా తిరిగే ఏర్పాటు, అంటే బేరింగు మీద తిరిగే స్వివెల్, తప్పక ఉండాలి. చూసే పద్ధతి సులభం: ట్రైలర్‌ను తగిలించి, ఇద్దరు మనుషులు పట్టుకుని బండిని కుడికి, ఎడమకు ఫుట్‌రెస్టు నేలకు తగిలేదాకా వాల్చాలి. రెండు వైపులా ఏదీ ఒరుసుకోకుండా ఉంటే సరే. బండి నిటారుగా నిలబడి ఉన్నప్పుడు మాత్రమే చూపించి అమ్మేవారి దగ్గర కొనవద్దు.

హుక్కును ఎక్కడ బిగించారన్నది అంతకంటే పెద్ద విషయం. నా మొదటి ట్రైలర్‌కు షెడ్డులో హుక్కును వెనుక క్యారియర్‌కే వెల్డు చేసి ఇచ్చారు, నేనూ చూసి తలాడించాను. మూడో వారంలో పూసపాటిరేగ దగ్గర ఒక స్పీడుబ్రేకరు దాటగానే క్యారియర్ గొట్టం వెల్డు పక్కనే చీలింది. ట్రైలర్‌ను బండికి కలుపుతూ విడిగా కట్టిన గొలుసు ఉండబట్టి అది రోడ్డు మీదికి పోలేదు. క్యారియర్ సంచి కోసం చేసినది, గుంజుడు కోసం కాదు. హుక్కు చట్రాన్ని బండి ఫ్రేముకు గాని, వెనుక ఇరుసుకు రెండు పక్కలా గాని బోల్టులతో బిగించాలి. అసలు ఫ్రేము మీద వెల్డింగు వేడి తగలనివ్వకూడదు. హుక్కు కింద రెండు గొలుసులు ఒకదాని మీదుగా ఒకటి దాటేలా తగిలిస్తే, హుక్కు ఊడినా ట్రైలర్ కర్ర రోడ్డుకు గుచ్చుకోకుండా ఆ ఊయలలో పడుతుంది.

ఒక చక్రమా, రెండు చక్రాలా అన్న ప్రశ్నకు జవాబు మన రోడ్లే చెబుతాయి. రెండు చక్రాల ట్రైలర్ ఎక్కువ బరువు మోస్తుంది, ఆగినప్పుడు తనంతట తాను నిలబడుతుంది, బండి నుంచి విడదీయడం తేలిక. కాని మోటారు సైకిలుకు ఒక్క జాడ ఉంటే దానితో కలిపి మూడు జాడలవుతాయి. చీపురుపల్లి, రాజాం పక్క రోడ్లలో మీరు గుంతను తప్పించానని అనుకునేలోపు ట్రైలర్ చక్రం అందులో పడుతుంది. కోతల రోజుల్లో రోడ్డు మీద సగం మేర ధాన్యం ఆరబోసి, అంచున రాళ్ళు పేర్చి ఉంటారు. మనం మామూలుగా దూరిపోయే సందులో మీటరు వెడల్పు ట్రైలర్ దూరదు. మడపాం, నాతవలస టోలు గేట్ల దగ్గర ద్విచక్ర వాహనాలు పోయే పక్కదారిలోనూ వెడల్పు చూసుకునే వెళ్ళాలి. ఒక చక్రం ట్రైలర్ బండి జాడలోనే వస్తుంది, బండితో పాటే వాలుతుంది. కాని ముప్పై నలభై కిలోలకు మించి దానిలో వేయకూడదు, ఆగినప్పుడు దాని బరువును కూడా మీ కాళ్ళే మోయాలి. ఊళ్ళ మధ్య తిరిగేవారికి, ఒంటరి ప్రయాణికులకు నేను ఒక చక్రాన్నే సూచిస్తాను. బస్తాల పనికి రెండు చక్రాలు తప్పవు. అప్పుడు వెడల్పును హ్యాండిలు బారుకు మించనివ్వకండి. హ్యాండిలు దూరితే ట్రైలర్ కూడా దూరుతుందన్న లెక్క కంటికి అలవాటవుతుంది.

చక్రాలకు ఆటోలో వాడే ఎనిమిది అంగుళాల రిమ్ము, 4.00-8 టైరు చాలు. ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా ఏ పంక్చరు షాపులోనైనా దీని ట్యూబు దొరుకుతుంది. చిన్న చక్రానికి ఒక ఇబ్బంది ఉంది: 60 వేగంలో అది నిమిషానికి సుమారు 770 సార్లు తిరుగుతుంది, బుల్లెట్ వెనుక చక్రం 490 దగ్గర తిరుగుతుంది. అందువల్ల బేరింగులు త్వరగా వేడెక్కుతాయి. యాభై కిలోమీటర్లకోసారి ఆగి హబ్బు మీద చేయి వేసి చూడాలి. చేయి నిలపలేనంత వేడిగా ఉంటే గ్రీజు గాని బేరింగు గాని పోయినట్టే. కళింగపట్నం, భావనపాడు వైపు ఉండేవారు ఉప్పుగాలికి ఓర్చేలా చట్రానికి గాల్వనైజింగు, అంటే జింకు పూత, చేయించుకోవాలి.

వెనుక దీపాలు, బ్రేకు దీపం, ఇండికేటర్లు ట్రైలర్ మీద మళ్ళీ ఉండాలి, ఎందుకంటే బండివి పెట్టె చాటున పడిపోతాయి. ఎల్‌ఈడీలు వాడి, రిలే (కరెంటుతో పనిచేసే చిన్న స్విచ్చి) ద్వారా కలిపితే బండి వైరింగు మీద భారం పడదు.

గుడారం ట్రైలర్ల విషయంలో కొంచెం కఠినంగానే చెప్పాలి. విప్పితే మంచంతో సహా గుడారమయ్యే ట్రైలర్లు అమెరికాలో 1833 సీసీ ఇంజను, 350 కిలోలకు పైబడిన బరువు ఉన్న గోల్డ్ వింగ్ వంటి బండ్ల వెనుక తిరుగుతాయి. వాటిలో చాలావరకు ఖాళీగానే వంద కిలోలు దాటుతాయి. మన 350 సీసీ బండికి అది కట్టడం దూడ మెడకు జోడెడ్ల కాడి వేయడం వంటిది. తేలికపాటి సరుకు ట్రైలర్‌లో నేల మీద వేసే గుడారం, చాప, పొయ్యి, నీళ్ళ డబ్బా పెట్టుకుంటే అరవై కిలోలలో పని ముగుస్తుంది. నీళ్ళు లీటరుకు కిలో అని మరచిపోవద్దు. తాటిపూడి జలాశయం దగ్గరకు వెళుతూ ఇరవై లీటర్లు ఇంటి నుంచే మోయనక్కరలేదు, గంట్యాడలో నింపుకోవచ్చు. బారువలోనూ, కళింగపట్నంలోనూ ట్రైలర్‌ను ఇసుకలోకి దింపవద్దు, గట్టినేల మీదే ఆపి సామాను చేత మోసుకోవాలి. అక్టోబరులో తీరం వైపు వెళ్ళేముందు వాతావరణ శాఖ హెచ్చరికలు చూడాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తీరం దాటిన సంగతి ఈ జిల్లాలవారికి గుర్తు చేయనక్కరలేదు.

శృంగవరపుకోట నుంచి అనంతగిరి మీదుగా అరకు ఎక్కే ఘాటు రోడ్డులోకి గాని, సాలూరు నుంచి సుంకి వైపుకు గాని సరుకున్న ట్రైలర్‌తో వెళ్ళవద్దన్నదే నా మాట. ఎక్కేటప్పుడు క్లచ్చు కాలుతుంది, అయినా అది చిన్న నష్టం. దిగేటప్పుడు మలుపులో వెనుక బ్రేకు వేస్తే ట్రైలర్ బండి వెనుక భాగాన్ని పక్కకు తోసేస్తుంది. వెళ్ళక తప్పకపోతే ఖాళీగా, రెండో గేరులో, మలుపుకు ముందే వేగం తగ్గించి దిగాలి.

కొన్న తరువాత మొదటి రోజే రోడ్డెక్కకూడదు. ఖాళీ మైదానంలో ముందు ఖాళీ ట్రైలర్‌తో, తరువాత ముప్పై కిలోలతో, ఆ తరువాత పూర్తి బరువుతో ఆగడం, తిరగడం చేసి చూడాలి. మలుపులో ట్రైలర్ లోపలి వైపుకు కోసుకు వస్తుంది కనుక మూలరాయిని, కాలువగట్టును మామూలు కంటే దూరంగా వదిలి తిరగాలి. వెనక్కు నడపడం దాదాపు సాధ్యం కాదు. ఇరుకు సందులో చిక్కితే హుక్కు పిన్ను తీసి, ట్రైలర్‌ను చేత్తో తిప్పి, మళ్ళీ తగిలించుకోవలసిందే. కనుక షాపులోనే దానిని సరుకుతో నింపించి, ఒక్కరే పట్టుకుని అక్కడికక్కడ తిప్పి చూడండి. అలా తిప్పలేకపోతే దానికంటే చిన్నది అడగండి.