కాలేయ కణితి అబ్లేషన్‌కు ఇమేజ్ రిజిస్ట్రేషన్ – 5వ పాఠం: కణితిని వదిలి రక్తనాళాలను పట్టుకోండి

ఇక్కడ అబ్లేషన్ అంటే కణితిలోకి సూది దింపి వేడితో కాల్చేయడం. రిజిస్ట్రేషన్ అంటే రెండు స్కాన్లలో ఒకే చోటు ఒకదాని మీద ఒకటి పడేలా కలపడం. పోయిన పాఠంలో, ఆకారం మార్చకుండా కలిపే రిజిడ్ రిజిస్ట్రేషన్ చేశాం. అబ్లేషన్‌కు ముందు తీసిన సీటీని జరిపి, తిప్పి, తర్వాత తీసిన సీటీ మీద కూర్చోబెట్టాం. మీలో చాలామందికి వెన్నెముక చక్కగా కలిసి, కాలేయం మాత్రం కలవకపోయి ఉంటుంది. అది మామూలే. ఊపిరి తీసి వదిలితేనే కాలేయం పైకీ కిందికీ ఒకటి రెండు సెంటీమీటర్లు కదులుతుంది. మత్తిచ్చి, ఒక పక్కకు తిప్పి పడుకోబెడితే దాని ఆకారమే మారుతుంది. అందుకని ముందు రిజిస్ట్రేషన్‌ను కాలేయం మాస్క్ (లెక్కలోకి తీసుకోవాల్సిన చోటును గీసిన బొమ్మ) వరకే పరిమితం చేసి మళ్లీ నడపండి. ఆ తర్వాతే ఈ పాఠంలోకి రండి.

ఇంత పట్టింపు ఎందుకో ఒక లెక్క వేసి చూద్దాం. కణితి వ్యాసం 22 మి.మీ., మైక్రోవేవ్‌తో కాలిన ప్రాంతం 34 మి.మీ. రెండిటి కేంద్రాలూ ఒకే చోట ఉంటే చుట్టూ 6 మి.మీ. మార్జిన్ (కణితి అంచు దాటి అదనంగా కాలిన మందం) వస్తుంది. కనీసం 5 ఉండాలి కాబట్టి పాసైనట్టే. ఇప్పుడు మీ రిజిస్ట్రేషన్ 4 మి.మీ. తప్పిందనుకోండి. తెర మీద 6 కనిపిస్తున్న పక్క నిజానికి 2 మి.మీ.లే ఉండొచ్చు. డాక్టరు సూది తీసేస్తారు, కణితి మళ్లీ అక్కడే పెరిగే ప్రమాదం ఉంటుంది. పేషెంటు ఇంకా టేబుల్ మీద ఉండగానే ఈ సంగతి తెలిస్తే, అదే మత్తులో ఇంకోసారి కాల్చవచ్చు. మన పనికి ఉన్న విలువంతా ఆ కొద్ది నిమిషాల్లోనే.

ఇక డిఫార్మబుల్ రిజిస్ట్రేషన్, అంటే బొమ్మను సాగదీసి, వంచి కలపడం. స్కాన్లు చూసే 3డీ స్లైసర్ సాఫ్ట్‌వేర్ ఉచితం, అందులో రిజిస్ట్రేషన్ చేసే ఎలాస్టిక్స్ ఎక్స్‌టెన్షన్ వేసుకోండి. (స్లైసర్ నేర్చుకోవడానికి, పరిశోధనకు మాత్రమే. పేషెంటు విషయంలో నిర్ణయానికి అనుమతి ఉన్న సాఫ్ట్‌వేరే వాడాలి.) తర్వాతి సీటీని ఫిక్స్‌డ్‌గా (కదలకుండా ఉండేదిగా), ముందటిదాన్ని మూవింగ్‌గా (దాని మీదికి జరిపేదిగా) పెట్టండి. రెండూ పోర్టల్ వీనస్ ఫేజ్‌లో (ఎక్కించిన కాంట్రాస్ట్ మందు కాలేయం సిరల్లోకి చేరిన సమయంలో) తీసినవై ఉండాలి. స్లైస్ మందం 5 మి.మీ. ఉంటే నిలువు దిశలో 5 మి.మీ. మార్జిన్ కొలవడం అయ్యే పని కాదు. పలచటి స్లైసులు అడిగి తీసుకోండి.

ఏ జాగ్రత్తా లేకుండా బీ-స్ప్లైన్ (వలలాంటి బిందువులను కదిపి బొమ్మను వంచే పద్ధతి) నడిపేస్తే బొమ్మలు చూడముచ్చటగా కలిసిపోతాయి. మోసపోయేది సరిగ్గా అక్కడే. పోర్టల్ ఫేజ్‌లో, పెద్దపేగు క్యాన్సర్ నుంచి పాకిన కణితి చుట్టూ ఉన్న కాలేయం కన్నా నల్లగా కనిపిస్తుంది. కాలిన ప్రాంతమూ నల్లగానే ఉంటుంది. ఏది కణితో, ఏది కాలిన చోటో అల్గారిథమ్‌కు తెలియదు. ఒక నల్లటి మచ్చ అంచును ఇంకో నల్లటి మచ్చ అంచు మీదికి లాగుతుంది. 22 మి.మీ. కణితిని 34 వైపు సాగదీస్తుంది. కణితి ఒక పక్కకు ఉంటే మధ్యకు జరిపి, తక్కువ మార్జిన్‌ను దాచేస్తుంది కూడా. సిమిలారిటీ స్కోరు (బొమ్మలు ఎంత పోలి ఉన్నాయో చెప్పే అంకె) మెరుగవుతూనే ఉంటుంది, మార్జిన్ లెక్క మాత్రం పాడైపోతుంది.

దీనికి మందు మాస్కే. సెగ్మెంట్ ఎడిటర్‌లో కాలిన ప్రాంతాన్ని గీసి, మరో రెండు మూడు మి.మీ. పెంచి, కాలేయం మాస్క్‌లోంచి తీసేయండి. మిగిలినదాన్ని ఫిక్స్‌డ్ మాస్క్‌గా ఇవ్వండి. అప్పుడు రిజిస్ట్రేషన్‌ను నడిపించేది చుట్టూ ఉన్న పోర్టల్, హెపాటిక్ సిరల కొమ్మలే. కంట్రోల్ పాయింట్ల (ఆ వల బిందువుల) మధ్య దూరం మరీ తగ్గించకండి. ఇలాంటి కేసులో నేనైతే 40 మి.మీ.తో మొదలుపెడతాను. ఫలితం రాగానే కణితి వాల్యూమ్ ముందెంత, వార్ప్ అయ్యాక (వంచి కలిపాక) ఎంత అని పోల్చండి. కాస్త తగ్గితే కంగారు వద్దు, మైక్రోవేవ్ వేడికి నీరు ఆవిరై కణజాలం కొంత ముడుచుకుంటుంది. బాగా పెరిగితే మాత్రం ఆ ఫలితాన్ని పక్కన పడేయండి.

తర్వాత తనిఖీ. కణితికి రెండు మూడు సెంటీమీటర్ల లోపు సిరలు చీలే చోట్లు, చిన్న సిస్టులు, కాల్షియం చుక్కలు కలిపి ఐదు గుర్తులు రెండు సీటీల్లోనూ చేత్తో పెట్టండి. ఒక గుర్తుకు మూడు దిశల్లో తేడా 1, 2, 2 మి.మీ. వచ్చిందంటే వర్గాల మొత్తం 9, వర్గమూలం 3, అంటే అక్కడ తప్పు 3 మి.మీ. సగటు రాసి ఊరుకోకండి, అన్నిటికన్నా పెద్ద తప్పే రాయండి. ఆ పెద్ద తప్పు 3 అయితే, తెర మీది 6 మి.మీ. మార్జిన్‌లో ఖాయంగా చెప్పగలిగింది 3 మాత్రమే.

అభ్యాసం: ఒకే సీటీ జతను మాస్క్ లేకుండా ఒకసారి, మాస్క్‌తో ఒకసారి నడిపి, కణితి వాల్యూమ్‌లూ ఐదు గుర్తుల తప్పులూ పక్కపక్కన రాయండి. రెండు వార్ప్ ఫైళ్లూ దాచి ఉంచండి, 6వ పాఠంలో 3డీ మార్జిన్ మ్యాప్ గీసేది వాటితోనే.