షాపు ముందు అద్దాలు – 4వ పాఠం: గ్లాసు కొలత, అడుగున రబ్బరు ముక్కలు

ఈ పాఠంలో ఫ్రేమును గోడకు బిగించడం చెబుతానని మాట ఇచ్చాను. దాన్ని వాయిదా వేస్తున్నాను. మూడో పాఠం చదివి గ్లాసు ఆర్డరిచ్చిన ముగ్గురికి అద్దం ఫ్రేములో పట్టలేదు. ముగ్గురిదీ ఒకే పొరపాటు, అందులో సగం నాది.

“ఫ్రేము లోపలి ఖాళీకి రెండు వైపులా పది మిల్లీమీటర్లు కలపండి” అని రాశాను. నేను ఎక్కువగా వాడేది గాడి ఉన్న సెక్షను (ఫ్రేము కట్టే అల్యూమినియం కడ్డీ). అందులో అద్దం అంచు గాడి లోపలికి దూరుతుంది కాబట్టి కలపాలి. కానీ మన ఊళ్లలో సులువుగా దొరికేది నాలుగంగుళాల డబ్బా సెక్షను, బిల్లులో 101.6 × 44.45 అని రాసేది. దానికి గాడి ఉండదు. డబ్బా మీద క్లిప్పులు కొట్టి, వాటి మధ్య అద్దాన్ని నిలబెడతాం. అక్కడ కలపకూడదు, తీసివేయాలి. ఈ తేడా అందరికీ తెలిసిందే అనుకుని వదిలేశాను.

లెక్క చూడండి. గోడల మధ్య వెడల్పు పైన 2438, నడుమ 2432, కింద 2441 మిల్లీమీటర్లు వచ్చింది. లెక్కకు పనికివచ్చేది అన్నిటికన్నా చిన్నది, 2432. రెండు వైపులా ఆరేసి వదిలితే ఫ్రేము 2420. నిలువు సెక్షన్లు మూడు, ఒక్కొక్కటి 44.45. అవి పోగా మిగిలినదాన్ని రెండు గదులకు (అద్దం నిలిచే ఖాళీలకు) పంచితే ఒక్కో గదికి 1143. గాడి సెక్షను అయితే గ్లాసు 1163. క్లిప్పు సెక్షను అయితే ప్రతి వైపూ ఆరు తీసివేసి 1131. తేడా 32 మిల్లీమీటర్లు, అంటే అంగుళంపావు. ఆ అంగుళంపావే ఇప్పుడు ముగ్గురి షాపుల్లోనూ గోడకు ఆనించి ఉంది.

“అంచు కాస్త కోయించుకోవచ్చా?” అని ముగ్గురూ అడిగారు. కుదరదు. టఫెన్డ్ గ్లాసును ఆరువందల డిగ్రీలు దాటేదాకా వేడిచేసి, ఒక్కసారిగా గాలి కొట్టి చల్లబరుస్తారు. పైపొర బిగుసుకుని లోపలి పొరను లాగి పట్టుకుంటుంది. దాని బలమంతా ఆ లాగుడులోనే ఉంది. కోత పెట్టగానే అది తెగి, పలక మొత్తం పెసరగింజల్లా రాలిపోతుంది. తలుపు పిడికి రంధ్రం వేయాలన్నా, మూల గుండ్రం చేయాలన్నా ముందే చెప్పి చేయించుకోవాలి. మూలలో ఐఎస్ 2553 ముద్ర (భద్రతా గాజుకు భారత ప్రమాణం) ఉందో లేదో చూసుకోండి. చెరగనిదైతేనే నమ్మండి, స్టిక్కరును నమ్మవద్దు.

ఒకరైతే గ్రానైటు పరవకముందే ఎత్తు కొలిచారు. దాని గురించి ఇంకేమీ రాయను.

నా పద్ధతి ఇది: ఫ్రేము నిలబడి, రెండు మూలకర్ణాలూ సమానంగా వచ్చేదాకా గ్లాసు ఆర్డరివ్వను. కాగితం మీది లెక్క వచ్చిన తర్వాత కూడా రెండు సన్నటి రీపర్లను (చెక్క పట్టీలను) ఒకదానిమీద ఒకటి జరిపి గదిలో పెట్టి, గట్టిగా పట్టి, గీత గీస్తాను. టేపు వంగుతుంది, రీపరు వంగదు. మేస్త్రీలు నవ్వుతారు. నవ్వనివ్వండి.

ఇక నన్ను నిజంగా విసిగించే విషయానికి వస్తాను: అద్దం అడుగున పెట్టే రబ్బరు ముక్కలు.

అద్దం అల్యూమినియాన్ని ఎక్కడా తాకకూడదు. అడుగున రెండే రెండు ముక్కల మీద నిలవాలి. అవి వెడల్పులో నాలుగో వంతు దూరంలో ఉండాలి. మన 1131 గ్లాసుకు ఒక్కో మూల నుంచి 283 మిల్లీమీటర్ల దగ్గర. మూలల్లో పెడితే మూల మీద ఒత్తిడి పడుతుంది. టఫెన్డ్ గ్లాసు ప్రాణం మూలల్లోనే ఉంటుంది. ముఖం మీద గట్టి దెబ్బను తట్టుకునే పలక మూల మీద చిన్న గుద్దుకే పోతుంది.

ముక్కలు దేనివి? హవాయి చెప్పు కోసి పెట్టినవారిని చూశాను. ప్లైవుడ్ పెట్టినవారిని చూశాను. మడతపెట్టిన అట్టముక్క, టైరు ట్యూబు, ఒకచోట బీడీకట్ట కాగితం కూడా. గ్లాసు చదరపు మీటరుకు, మిల్లీమీటరు మందానికి రెండున్నర కిలోలు. 1131 వెడల్పు, 2100 ఎత్తు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 59 కిలోలు. ఆ బరువు కింద చెప్పు నలిగి పలుచబడుతుంది, అద్దం జారి లోహాన్ని తాకుతుంది. ప్లైవుడ్ వాననీటికి ఉబ్బుతుంది. కావలసింది గట్టి నియోప్రీన్ లేదా ఈపీడీఎం రకం రబ్బరు: గోరుతో నొక్కితే గుర్తు పడీ పడనట్టు ఉండాలి. 100 మిల్లీమీటర్ల పొడవు, 6 మందం, గ్లాసు మందం కన్నా కొంచెం వెడల్పు.

అద్దం పక్కల వదిలిన ఆరు మిల్లీమీటర్ల పని కూడా ఇదే, అద్దం లోహాన్ని తాకకుండా చూడటం. నల్లరంగు ఫ్రేము వేసవి మధ్యాహ్నం ఉదయంకన్నా నలభై డిగ్రీలు వేడెక్కిందనుకుంటే, 2420 పొడవు సెక్షను 2.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవున్న గాజు 0.9 కూడా సాగదు. ఆ తేడా సర్దుకునే చోటు లేకపోతే ఒత్తిడి నేరుగా అంచు మీద పడుతుంది. “వదులుగా ఉంది, ఊగుతుందేమో” అని సందులో చెక్కపేళ్లు దిగ్గొట్టకండి. ఊగకుండా పట్టుకోవడం గాస్కెట్ (అద్దం అంచు వెంట దూర్చే రబ్బరు పట్టీ) పని.

అడుగు సెక్షనుకు నీరు పోయే రంధ్రాలు ఉండాలి, రబ్బరు ముక్క వాటిని మూయకూడదు. సందులు పూడ్చే సిలికాన్ వెనిగర్ వాసన వచ్చేది వద్దు, న్యూట్రల్ రకం తీసుకోండి. సిమెంటు పని మిగిలి ఉంటే ఫ్రేముకు టేపు అంటించండి, తడి సిమెంటు పూతను తినేస్తుంది. విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రపు ఊళ్లలో స్టీలు స్క్రూలు కాకుండా స్టెయిన్‌లెస్ మాత్రమే.

అభ్యాసం: మీ వీధిలో మూడు షాపుల ముందు ఖాళీలను కొలవండి. వెడల్పు మూడు చోట్ల, ఎత్తు మూడు చోట్ల, రెండు మూలకర్ణాలు, నీటిగొట్టంతో నేల వాలు. ఒక్కోదానికి గాడి సెక్షనుకు ఒకటి, క్లిప్పు సెక్షనుకు ఒకటి, రెండు గ్లాసు కొలతలూ తేల్చండి. పలకల బరువు కట్టి, మోయడానికి ఎంతమంది కావాలో రాయండి. రబ్బరు ముక్కల స్థానం మూల నుంచి ఎంతో రాయండి. మొత్తం ఒక ఆదివారం పట్టవచ్చు. యజమాని అడిగితే నిజం చెప్పండి, టీ ఇప్పిస్తారు. ఆ కాగితాలు దగ్గర పెట్టుకోండి, వచ్చే పాఠంలో ఫ్రేము బిగించేటప్పుడు వాటితోనే మొదలుపెడతాం.