‘అవొన్’: ఒక వెల్ష్ మాటను పలకడం, వాడడం

వేల్స్‌లో నదిని ‘అవొన్’ అంటారు. రాతలో నడుమ ఎఫ్ అక్షరం కనిపించడం వల్ల మనం దీనిని ‘అఫన్’ అని చదివేస్తాం. కానీ వెల్ష్‌లో ఒంటి ఎఫ్‌కు ‘వ’ అనే పలుకుబడి, ‘ఫ’ కావాలంటే ఎఫ్‌ను జంటగా రాస్తారు. రెండు అచ్చులనూ పొట్టిగానే పలికి, మొదటిదానిని కాస్త నొక్కాలి.

నరసాపురం రేవులో పంటు ఎక్కి సఖినేటిపల్లి వైపు దాటుతున్నప్పుడు “గోదారి పోటు మీదుందండి” అంటే, ఏ గోదారి అని ఎవరూ అడగరు. అలా అందరికీ తెలిసిన, కళ్ళెదుట ఉన్న నదిని చెప్పాలంటే ముందు ‘అర్’ చేర్చి ‘అర్ అవొన్’ అనాలి. పేరు చెప్పవలసివస్తే మాత్రం వరస మనకు తలకిందులవుతుంది: మనం గోదావరి నది అంటాం, వారు ‘అవొన్ టెయ్‌వి’ అన్నట్టుగా నదిని ముందు పెడతారు. ఇంగ్లండులో ఏవన్ అనే నదులు కొన్ని ఉన్నాయి; అవి ఈ మాటకు చుట్టమైన పాత మాట నుంచి వచ్చినవే కనుక, ‘ఏవన్ నది’ అంటే నది నది అన్నమాట. మన రేవులో ఎవరో “ఏరండి” అంటే విని, పటంలో ‘ఏరు నది’ అని రాసుకున్నట్టుంది.

అసలు మెలిక విశేషణాల దగ్గర వస్తుంది. ఈ మాట స్త్రీలింగం కాబట్టి దాని వెనుక చేరే విశేషణపు మొదటి హల్లు మెత్తబడుతుంది: పెద్ద అనే ‘మౌర్’ కాస్తా ‘వౌర్’ అయి, ‘అవొన్ వౌర్’ అంటే పెద్ద నది అవుతుంది. ఇది వింతగా తోచనక్కరలేదు. అన్న, తమ్ముడు కలిసి అన్నదమ్ములు, కూర, కాయ కలిసి కూరగాయలు అయ్యేటప్పుడు మన గసడదవాదేశం చేసే పని ఇలాంటిదే. వెల్ష్‌లోనూ ‘క’ ‘గ’గా, ‘ట’ ‘డ’గా మారతాయి. తేడా ఏమిటంటే, అక్కడ ఆ మార్పుకు లింగం కూడా కారణమవుతుంది.

బహువచనం ‘అవొనిద్’. అయితే అంకె వెనుక ఏకవచనమే రావాలి: రెండు నదులు ‘దుయ్ అవొన్’, మన సప్తగోదావరులను లెక్కపెట్టినా ‘సైత్ అవొన్’ అనాలి.

నది సముద్రంలో కలిసే మొగను ‘అబెర్’ అంటారు. టెయ్‌వి మొగ దగ్గరి ఊరు అబెర్‌టెయ్‌వి. ఇలా ‘అబెర్’తో మొదలయ్యే ఊరిపేరులో ‘అవొన్’ చేర్చరు. ఆ లెక్కన మన అంతర్వేది ‘అబెర్ వసిష్ఠ’ అవుతుంది.