వ్యాక్స్ రాసినా గీతలు ఎందుకు పోలేదంటే

నాది నల్ల కారు. ఎండలో బానెట్ నిండా సాలెగూడులాంటి సన్న గీతలు కనిపించేవి. రెండుసార్లు వ్యాక్స్ రాశాను. మెరుపు వచ్చింది కానీ కొన్ని వారాలకే గీతలు మళ్లీ తేలాయి. వ్యాక్స్ వాటిని కప్పుతుందే గానీ తీయదు. తీసేది పాలిష్, అదీ రంగు పైనున్న క్లియర్ కోట్ అనే పారదర్శక పొర‌ను కాస్త అరగదీసి. ఆ పొర చాలా కార్లకు 40–50 మైక్రాన్లే (మైక్రాన్ అంటే మిల్లీమీటర్‌లో వెయ్యో వంతు) ఉంటుంది, అందుకే టెన్షన్.

ఈసారి బాగా కడిగి, చేతికి పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడుక్కుని పెయింట్‌ను నిమిరాను. గరగరలాడింది! షాంపూ నీళ్లు చల్లుతూ క్లే బార్ (పెయింట్‌కు అంటుకున్న మురికిని లాగేసే మట్టిముద్దలాంటిది) రుద్దితే అద్దంలా జారింది. క్లే కింద పడితే మాత్రం పారేయాల్సిందే, ఇసుక రేణువు ఒక్కటి అంటుకున్నా కొత్త గీతలు పడతాయి.

తర్వాత పరీక్షకని అడుగు చదరం జాగాకు టేప్ వేసి, మెత్తటి ఫోమ్ ప్యాడ్, తేలికరకం పాలిష్‌తో మెషీన్ తిప్పాను. సగం గీతలే పోయాయి. ప్యాడ్ మార్చకుండా పాలిష్ మాత్రం ఒక మెట్టు పెంచితే సరిపోయింది. పాలిష్ వదిలిన నూనె పోయేలా ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలిపిన నీళ్లతో తుడిచి చూశాను. గీతలు నిజంగానే పోయాయి, పాలిష్ నూనె కింద దాక్కోలేదు. గోరుకు తగిలే లోతైన గీత ఒకటుంది, దాని జోలికి పోలేదు.

వ్యాక్స్ ఆ తర్వాతే, నీడలో, బానెట్ చల్లారాక, పలచగా.